యుద్ధనౌకకు తుపాను సాయంతో ఏం పని?

విజయవాడ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

యుద్ధానికి కట్టిన ఓడను తుపాను బాధితుల దగ్గరికి ఎందుకు పంపుతారని మీరు అడిగారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మీరే చూశారు. ఆదుకోవడానికి వచ్చినవారికి కూడా తిండి, పడక, డీజిలు కావాలి. మునగని పేటలు పక్కనే ఉన్నాయి గనుక మనకు జరిగిపోయింది. తీరమంతా ఊడ్చుకుపోయినచోట అవన్నీ సముద్రం మీదే ఉండాలి కాబట్టి సేనాధిపతులు ఉభయచర నౌకలను, అంటే మనుషులను, వాహనాలను సముద్రం నుంచి నేరుగా ఒడ్డుకు దించగల ఓడలను పంపుతారు.

విశాఖలో ఉండే ఐఎన్‌ఎస్ జలాశ్వ అటువంటిదే. అమెరికా నౌకాదళంలో ట్రెంటన్ పేరుతో పనిచేసి, 2007లో మనకు వచ్చింది. దీనికి రేవుతో పని లేదు. తీరానికి దూరంగా నిలిచి, ట్యాంకుల్లోకి సముద్రపు నీరు తీసుకుని వెనుక భాగాన్ని కిందికి దించుతుంది. తలుపు తెరవగానే లోపల పడవలు నిలిపే డాక్‌లోకి నీరు చేరుతుంది. అందులోని పడవలు లారీలతో సహా తేలి బయటికి వచ్చి, ఇసుక ఒడ్డుకు ఆనుకుని ముందు తలుపు వాలుస్తాయి. పై డెక్ హెలికాప్టర్లది.

అయితే అసలు తెలివి సామాను ఎక్కించడంలో ఉంది. ఒడ్డున మొదట కావలసింది ఓడలోకి చివర ఎక్కాలి. దారి మీద పడిన చెట్లను తొలగించే బుల్‌డోజరు బియ్యం బస్తాల వెనుక ఇరుక్కుంటే ఆ బస్తాలు కూడా ఊరికి చేరవు.

1991 ఏప్రిల్ 29 రాత్రి బంగ్లాదేశ్‌ను తాకిన తుపానులో లక్షకు పైగా మరణించారు. గల్ఫ్ యుద్ధం ముగిసి తిరిగి వెళుతున్న అమెరికా ఉభయచర దళాన్ని అటు మళ్లించారు. ఆ సహాయక చర్యల అధిపతి మేజర్ జనరల్ స్టాక్‌పోల్ సైనికుల్లో ఎక్కువమందిని ఓడల్లోనే ఉంచి, పని వేళకు మాత్రమే ఒడ్డుకు పంపారు. సాయం ఎవరికి, ఏ ఊరికి అన్న పెత్తనం ఢాకా ప్రభుత్వానిదే. నా దృష్టిలో ఆయన చేసిన మంచి పని ఇదే. పరాయి సైన్యం గుడారాలు వేసుకు కూర్చుంటే ఏ దేశానికైనా అనుమానమే కలుగుతుంది.

ఇటువంటి నౌకలకూ చేతకానివి ఉన్నాయి. కృష్ణా ముఖద్వారం వంటి బురద తీరంలో మామూలు పడవ ఒడ్డు చేరకముందే అడుగు ఆనుకుని ఆగిపోతుంది. అక్కడ హెలికాప్టరైనా, గాలి దిండు మీద నడిచే హోవర్‌క్రాఫ్టయినా కావాలి. అందువల్ల లోతు, ఒడ్డు వాలు తెలుసుకున్నాకే అధిపతి ఏది పంపాలో తేలుస్తాడు. భారత, అమెరికా దళాలు 2019 నవంబరులో విశాఖ, కాకినాడల వద్ద కలిసి చేసిన విన్యాసాల్లో సాధన చేసింది కూడా విపత్తు వేళ ఇలా ఒడ్డుకు సాయం చేర్చడాన్నే.

మీ
తాతయ్య