చిప్‌లో డిజిటల్ డిలే లైన్లు: అపోహలు – వాస్తవాలు

విశాఖలో ఈసీఈ చదివి చిప్ డిజైన్ వైపు రావాలనుకునే పిల్లల్ని డిలే లైన్ (సిగ్నల్‌ని కావలసినంత ఆలస్యం చేసే సర్క్యూట్) గురించి అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు, "ఇన్వర్టర్లు వరసగా పెట్టి, ఎక్కడ కావాలంటే అక్కడ మక్స్‌తో ట్యాప్ తీసుకుంటాం సార్" అని. ఇన్వర్టర్ అంటే 0ని 1గా, 1ని 0గా తిప్పే గేటు; ట్యాప్ అంటే లైన్ మధ్యలో సిగ్నల్ బయటికి తీసే చోటు; మక్స్ అంటే ఆ ట్యాప్‌లలో ఒకదాన్ని ఎంచుకునే స్విచ్. జవాబు తప్పేమీ కాదు. కాకపోతే అసలు కష్టమంతా దాని తర్వాతే మొదలవుతుంది. అందుకే తరచూ ఎదురయ్యే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చిప్ డిజైన్ రాసే భాష వెరిలాగ్‌లో హ్యాష్ 5 (#5) అని రాస్తే చిప్‌లో 5 నానోసెకన్ల డిలే వస్తుంది.

రాదు. అది సిమ్యులేషన్‌కి మాత్రమే, కోడ్‌ని గేట్లుగా మార్చే సింథసిస్ టూల్ దాన్ని పట్టించుకోదు. పైగా రెండు ఇన్వర్టర్లు వరసగా కనబడితే లాజిక్ ప్రకారం అవి అనవసరమని తీసిపారేస్తుంది. లైబ్రరీ సెల్స్‌ని (ముందే తయారుగా ఉన్న గేట్లని) నేరుగా పేరు పెట్టి వాడి, టూల్ వాటిని ముట్టుకోకుండా డోంట్ టచ్ అనే గుర్తు పెట్టాల్సిందే.

అపోహ: టైపికల్ కార్నర్‌లో లెక్క కుదిరింది కాబట్టి చిప్‌లోనూ అదే డిలే వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. కార్నర్ అంటే తయారీ, వోల్టేజి, వేడి ఎలా ఉంటాయని అనుకుని లెక్క వేశామో ఆ పరిస్థితి; టైపికల్ అంటే సగటుది. డీడీఆర్3-1600 మెమరీ సంగతి తీసుకోండి. క్లాక్ 800 మెగాహెర్ట్జ్, అంటే పీరియడ్ 1250 పికోసెకన్లు. చదివేటప్పుడు డేటాతో పాటు వచ్చే, దాన్ని ఎప్పుడు పట్టుకోవాలో చెప్పే సిగ్నల్ స్ట్రోబ్‌ని అందులో పావు వంతు, 312.5 పికోసెకన్లు ఆలస్యం చేయాలి. ఒక్కో ట్యాప్‌కి కలిసే డిలే 25 పికోసెకన్లు అనుకుంటే 12 ట్యాప్‌లకి 300 వస్తుంది, పని నడుస్తుంది. అదే డిజైన్ స్లో చిప్‌లో పడి ట్యాప్ 50 పికోసెకన్లయితే? ఆ 12 ట్యాప్‌లే 600 ఇస్తాయి. స్ట్రోబ్ దాదాపు సగం పీరియడ్ జరిగిపోయి, డేటా మారే చోటికి వెళ్లి కూర్చుంటుంది.

అందుకే ట్యాప్‌ల సంఖ్యని ముందే నిర్ణయించి పెట్టకూడదు, చిప్ తనే కొలుచుకోవాలి. ఒక మాస్టర్ డిలే లైన్ పెట్టి, పూర్తి క్లాక్ పీరియడ్‌కి ఎన్ని ట్యాప్‌లు పడుతున్నాయో చూస్తాం. ట్యాప్ 25 పికోసెకన్లున్న మొదటి చిప్‌లో 50, స్లోగా ఉన్న రెండోదాంట్లో 25. అందులో పావు వంతు స్లేవ్ లైన్లకి (స్ట్రోబ్‌ని నిజంగా ఆలస్యం చేసే లైన్లకి) పంపుతాం. రెండో చిప్‌కి 6 ట్యాప్‌లు వెళ్తాయి, అంటే 300 పికోసెకన్లు. క్రిస్టల్ నుంచి వచ్చే క్లాక్ నమ్మకమైనది కాబట్టి దాన్నే కొలబద్దగా వాడుతున్నాం. జైలింక్స్ 7 సిరీస్ ఎఫ్‌పీజీఏల్లో (తర్వాత మనకి కావలసినట్టు సర్క్యూట్ మార్చుకోగల చిప్‌లు) 200 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్‌కి ట్యాప్ సుమారు 78 పికోసెకన్ల దగ్గర నిలబడుతోందంటే, వెనక కాలిబ్రేషన్ బ్లాక్ ఎప్పటికప్పుడు సరిదిద్దుతోంది కాబట్టే. నన్నడిగితే డిలే లైన్ గీయడం చిన్న పని, దాన్ని కాలిబ్రేట్ చేయడమే డిజైన్.

అపోహ: వేడెక్కితే గేట్లు ఎప్పుడూ నెమ్మదిస్తాయి.

పాత టెక్నాలజీల్లో నిజమే. కొత్త టెక్నాలజీల్లో వోల్టేజి తక్కువగా ఉన్నప్పుడు తిరగబడుతుంది. వేడికి థ్రెషోల్డ్ వోల్టేజి (ట్రాన్సిస్టర్ ఆన్ కావడానికి కావలసిన వోల్టేజి) తగ్గడం వల్ల వచ్చే లాభం, మొబిలిటీ (లోపల ఎలక్ట్రాన్ల కదలిక) తగ్గడం వల్ల వచ్చే నష్టాన్ని మించిపోతుంది, గేట్ వేగం పెరుగుతుంది. ఏసీ ల్యాబ్‌లో సరిగ్గా నడిచిన బోర్డు మే నెల ఎండలో బీచ్‌రోడ్డు పక్కన ఒక డబ్బాలో ఉంటే ఎటు జరుగుతుందో ముందే చెప్పేయకండి. చల్లటి స్లో కార్నర్‌ని కూడా తప్పకుండా చూడాలి.

అపోహ: డిలే కోడ్‌ని ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు.

డిలే కోడ్ అంటే ఏ ట్యాప్ కావాలో మక్స్‌కి చెప్పే అంకె. బైనరీ కోడ్ 7 నుంచి 8కి వెళ్తోందనుకోండి: 0111 నుంచి 1000. నాలుగు బిట్లూ ఒకేసారి మారాలి, కానీ వైర్లలో ఒక్కోటి ఒక్కో క్షణాన చేరతాయి. మధ్యలో కాసేపు 1111 కనబడొచ్చు, 0000 కనబడొచ్చు. సరిగ్గా అప్పుడే లైన్‌లో ఒక ఎడ్జ్ (సిగ్నల్ 0 నుంచి 1కి, లేదా 1 నుంచి 0కి మారే క్షణం) ప్రయాణిస్తుంటే, అది ఒక ట్యాప్ నుంచి బయటికొచ్చి, ఇంకో ట్యాప్ నుంచి మళ్లీ రావచ్చు. ఒక్క క్లాక్ ఎడ్జ్ రెండవుతుంది. అవతలి ఫ్లిప్‌ఫ్లాప్ (ఎడ్జ్ వచ్చినప్పుడు డేటా పట్టుకునే సర్క్యూట్) రెండుసార్లు లెక్కపెడుతుంది. సిమ్యులేషన్‌లో సరైన క్షణానికి కోడ్ మార్చకపోతే ఇది కనబడనే కనబడదు. థర్మామీటర్ కోడ్ (పాదరసం పైకెక్కినట్టు 0001, 0011, 0111 అంటూ పెరిగేది) వాడితే ఒక్కో అడుగుకి ఒక్క బిట్టే మారుతుంది, కోడ్ పెరిగినప్పుడల్లా డిలే కూడా పెరుగుతుందే తప్ప తగ్గదు. దాంతోపాటు లైన్‌లో ఎడ్జ్ లేని సమయం చూసి కోడ్ మార్చండి.

అపోహ: లైన్ ఎంత పొడవుంటే అంత మంచిది.

ప్రతి గేటూ కొంత జిట్టర్ (ఎడ్జ్ వచ్చే సమయంలో చిన్న చిన్న తేడాలు) కలుపుతుంది. రైజ్ (0 నుంచి 1), ఫాల్ (1 నుంచి 0) సమయాల్లో తేడా ఉంటే పల్స్ వెడల్పు మెల్లగా కుంచించుకుపోతుంది. చాలా పొడవు డిలే కావాలంటే పూర్తి క్లాక్ సైకిళ్లని ఫ్లిప్‌ఫ్లాప్‌లతో లెక్కపెట్టి, మిగిలిన ముక్కకే డిలే లైన్ వాడటం మేలు.

అపోహ: పికోసెకన్లు కొలవాలంటే ఖరీదైన స్కోప్ ఉండాల్సిందే.

లైన్ అవుట్‌పుట్‌ని ఒకసారి ఇన్వర్ట్ చేసి మళ్లీ ఇన్‌పుట్‌కే కలపండి, అది తనంతట తనే 0, 1 మధ్య ఊగుతుండే రింగ్ ఆసిలేటర్ అవుతుంది. మొత్తం డిలే 2 నానోసెకన్లయితే రెండు చుట్లకి ఒక పీరియడ్ కాబట్టి పీరియడ్ 4 నానోసెకన్లు, ఫ్రీక్వెన్సీ 250 మెగాహెర్ట్జ్. పది మైక్రోసెకన్లలో చిప్ లోపలి కౌంటర్ 2500 చూపిస్తుంది. కోడ్ ఒక్క అడుగు పెంచి 25 పికోసెకన్లు కలిస్తే 2469కి దిగుతుంది. ప్రతి కోడ్‌కీ ఇలా నడిపి అంకెలు రాసుకోండి. ఎక్కడైనా దిగకుండా అలాగే ఉన్నా, పైకి వెళ్లినా, ఆ స్టేజీ లేఅవుట్ తెరిచి చూడాలి.