సంచి ఖాళీ అయితే చేప తిన్నట్టేనా? (చెరువు మేత: అపోహలు - వాస్తవాలు)

కైకలూరు చుట్టుపక్కల చేపల చెరువుల మీద తిరగడం నా పని. ఇక్కడ మేతను కన్నాలు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో కర్రలకు కట్టి వేలాడదీస్తారు. గట్టెక్కగానే రైతు చెప్పే మొదటి మాట దాదాపు ఒకటే: "సంచులన్నీ ఖాళీ అండీ, రేపటి నుంచి మేత పెంచేస్తా."

అపోహ: సంచి ఖాళీ అయిందంటే చేపకు మేత చాలలేదు.

సంచి రెండు రకాలుగా ఖాళీ అవుతుంది. చేప వచ్చి కన్నాల దగ్గర మూతితో పొడిచి తినడం ఒకటి, తవుడు నీళ్ళలోకి కారిపోవడం రెండోది. మొన్న ఒక బాబాయ్ చెరువులో పడవ మీద వెళ్ళి, కర్రకు కట్టిన సంచిని పైకి లాగాను. కన్నాల్లో నా బొటనవేలు దూరింది. ఆ సంచి కిందే నేలలో గెడ గుచ్చి తీస్తే కొనకు నల్లటి బురద, కుళ్ళిన చెక్క వాసన.

"చేప తిన్నదెంత, నేల తిన్నదెంత బాబాయ్?" అన్నా. ఆయన గెడ వాసన చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

లెక్క కట్టి చూద్దాం. ఎకరానికి 2,000 చేపలు, ట్రయల్ వల లాగితే సగటున అర కిలో. అంటే చెరువులో 1,000 కిలోల చేప ఉంది. ఆ సైజులో బరువులో 2 శాతం మేత, అంటే రోజుకు 20 కిలోలు, కాస్త అటూ ఇటూ సరిపోతుంది. బాబాయ్ ఎకరానికి 45 కడుతున్నాడు! పిల్ల చిన్నగా ఉన్నప్పుడు శాతం ఎక్కువ, పెరిగేకొద్దీ తగ్గాలి. చాలామంది బస్తాలు పెంచడమే గానీ శాతం తగ్గించరు.

ఇంకో సంగతి. మన చెరువుల్లో పెంచే శీలావతికి (రోహు), బొచ్చెకు (కట్ల) మనలాగా పొట్ట సంచి ఉండదు. గొంతు దిగిన మేత నేరుగా పేగులోకే పోతుంది. అందుకే ఒకేసారి కుక్కుకుని దాచుకోలేవు. అతిగా తిన్నది సగం అరగకుండానే బయటికొస్తుంది. డీఓబీ (నూనె తీసిన తవుడు), వేరుశనగ చెక్క ధరలు తలచుకుంటే నాకే టెన్షన్.

అపోహ: మబ్బు పట్టినా మేత ఆపకూడదు, చేప చిక్కిపోతుంది.

ఒక్క పూట మేత మానితే చేప చిక్కిపోదు. మబ్బు రోజున నీటిలోని నాచు ఆక్సిజన్ సరిగా తయారుచేయదు. తిన్న చేపకేమో ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఈ పనిలో చేరిన కొత్తలో రెండు రోజుల ముసురులో కూడా నేను మేత ఆపించలేదు. మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్. వెళ్ళేసరికి చెరువంతా చేపలు నోళ్ళు తెరిచి తేలాయి. నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు వేసేలోపే పెద్ద బొచ్చెలు పోయాయి. తప్పు నాదే.

అపోహ: నీళ్ళు ఎంత పచ్చగా ఉంటే అంత మంచిది.

లేత పచ్చన మంచిదే, బొచ్చెకు ప్లాంక్టన్ (నీటిలో తేలే సన్నటి నాచు, పురుగులు) కావాలి. చిక్కటి పచ్చనైతే పగలు ఇచ్చిన ఆక్సిజన్‌ను రాత్రి ఆ నాచే లాగేసుకుంటుంది. చెయ్యి నీళ్ళలో ముంచండి. మోచేతి దాకా దిగకముందే అరచెయ్యి కనబడకుండా పోతే పేడ, కోళ్ళ ఎరువు ఆపేయండి.

అపోహ: జీరో సైజు పిల్ల గిడసబారిన సరుకు, ఇక ఎదగదు.

కొత్తగా చెరువు తీసుకున్నవాళ్ళ భయం ఇది. ఇరుకు చెరువులో తక్కువ మేతతో నెలల తరబడి ఎదగకుండా ఆపి ఉంచిన పిల్లే ఈ జీరో సైజు. దానికి చోటు, తిండి దొరికితే వెనకబడినదంతా కలుపుకుని వేగంగా పెరుగుతుంది. కొల్లేరు ప్రాంతపు సాగు నడిచేదే దాని మీద.

అపోహ: చెరువు చేపకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి పెంచుతారు.

హైదరాబాద్ చుట్టాలు ఎప్పుడొచ్చినా అడిగే ప్రశ్న. ఇంజెక్షన్ నిజమే, కానీ అది హేచరీలో (చేప పిల్లల్ని పుట్టించే చోట) తల్లి చేపకు, తండ్రి చేపకు. శీలావతి, బొచ్చె లాంటివి వరద నీటి నదుల్లో గుడ్లు పెట్టేవి, నిలవ నీటిలో మామూలుగా పెట్టవు. అందుకే 1957లో ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌదురి బృందం పిట్యూటరీ (మెదడు కింద ఉండే గ్రంథి) రసం ఎక్కించి గుడ్లు పెట్టించింది. చెరువులో వేలాది చేపల్ని పట్టుకుని ఒక్కోదానికీ సూది వేసే ఓపిక ఏ రైతుకుంది?

బాబాయ్ సంచులు మార్చి 22 కిలోలకు దిగాడు. నిన్న ఫోన్: "పదకొండైనా సంచుల్లో ఇంకా కొంచెం మిగిలిందిరా, ఏం చేయమంటావు?"

"రేపు ఆ మేరకు తగ్గించి కట్టు" అన్నా.