లోకల్, నాన్ లోకల్: వందేళ్ల సీట్ల తగాదా

ఇంజనీరింగ్ కాలేజీలకు వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో అనంతపురంలో ఒక ఇంట్లో బ్రాంచి, ఫీజు, ప్లేస్‌మెంట్లు అన్నీ చూసుకున్నాక తండ్రి అంటాడు: "అంత దూరం వద్దులే నాయనా, అక్కడోళ్లు మనల్ని కలుపుకోరు." అదే రోజు గుంటూరులో ఇంకో ఇంట్లో "సీమలో కాలేజీనా? గొడవలుంటాయి" అంటారు. హైదరాబాద్ హాస్టల్లో యాస వినగానే ఊరు అడుగుతారు. మంచి కాలేజీల పేర్లు ఇలాగే జాబితాలోంచి ఎగిరిపోతుంటాయి. ఆ మాటలు పిల్లల మనసుల్లో ఎంత లోతుగా దిగుతాయో చూసినవాళ్లకే తెలుసు. అయితే ఆ భయాలు నిన్నమొన్నటివి కావు. ప్రతిదాని వెనకా ఒక కాలేజీ, కొన్ని సీట్లు, ఎవరో నిలబెట్టుకోని ఒక మాట ఉన్నాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు (విశాఖపట్నం) చేరింది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి చిత్తూరు మనిషే. అయినా దత్తమండలాల, అంటే రాయలసీమ వారికి నమ్మకం కుదరలేదు. అనంతపురం పిల్లవాడికి మద్రాసు దగ్గర, వాల్తేరు ఎక్కడో ఆ చివర. సర్కారు (కోస్తా) జిల్లాల్లో చదువు, డబ్బు, పలుకుబడి ముందే పెరిగాయి. ఆంధ్ర రాష్ట్రం వస్తే అన్నీ అటే పోతాయన్న అనుమానం విశ్వవిద్యాలయం చోటు దగ్గరే బయటపడింది. అందుకే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్లతో, రాజధానితో పాటు చదువుకూ చోటు దొరికింది. వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి, రెండు విశ్వవిద్యాలయ కేంద్రాలు ఉండాలని రాసుకున్నారు. రాయలసీమకు విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది, అదీ తిరుపతికి. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడేసరికి 1981 అయింది. 44 ఏళ్లు! "మాకు ఇచ్చిన మాట ఎవరూ నిలబెట్టుకోరు" అని సీమ పెద్దలు అంటే దాన్ని ఊరికే వచ్చిన పక్షపాతం అని నేను అనలేను.

తెలంగాణ దారి వేరు. నిజాం కాలంలోనే స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధన ఉంది. ఉద్యోగానికి 15 ఏళ్ల నివాసం కావాలి. అది కాగితం మీదే ఉందన్న కోపంతో 1952లో విద్యార్థులు రోడ్డెక్కారు, హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. 1956లో ఆంధ్ర, తెలంగాణ కలిసేటప్పుడు రెండు వైపుల నాయకులు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో, తెలంగాణ కాలేజీల్లో సీట్లు తెలంగాణ విద్యార్థులకే ఉంచాలని, లేదా రాష్ట్రం మొత్తం సీట్లలో మూడో వంతు ఇవ్వాలని ఒక షరతు పెట్టారు. దాని అమలు మీద అనుమానాలు 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం దాకా వచ్చాయి. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అనగానే అటు ప్రత్యేక ఆంధ్ర కోసం జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది.

ఆ మంటలు చల్లార్చడానికి 1973లో కేంద్రం కుదిర్చిన ఆరు సూత్రాల పథకం, ఆ వెంట రాజ్యాంగంలో చదువు, ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ ఇచ్చే 371-డి అధికరణం, 1974లో ప్రవేశాల మీద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర పేర్లతో రాష్ట్రం మూడు లోకల్ ఏరియాలైంది. 85 శాతం సీట్లు ఆ ఏరియా వాళ్లకు, మిగతా 15 శాతం అన్‌రిజర్వ్‌డ్. కోస్తా జిల్లా అయిన నెల్లూరు శ్రీవేంకటేశ్వర ఏరియాలోకి వెళ్లింది. అందుకే నెల్లూరు పిల్లకు తిరుపతి లోకల్, పక్కనున్న ఒంగోలు నాన్ లోకల్.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఆ ఉత్తర్వు ప్రధానంగా చూసింది పిల్లవాడు ఎక్కడ చదివాడన్నదే: వరుసగా నాలుగేళ్లు, లేదా ఏడేళ్లలో ఎక్కువ భాగం. తల్లిదండ్రుల సొంతూరుతో గాని, యాసతో గాని దానికి పని లేదు. గుంటూరు నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టి హైదరాబాద్‌లో చదివిన పిల్ల ఉస్మానియాకు లోకలే. కానీ జనం లెక్క సర్టిఫికెట్లతో నడవలేదు. లోకల్ అంటే "మనోళ్లు", నాన్ లోకల్ అంటే "మన సీటు పట్టుకుపోయేవాళ్లు" అనే అర్థం స్థిరపడిపోయింది. వెనకబడిన ప్రాంతాలకు ఆ రక్షణ అవసరమే. దాని పేరుతో ఒక పిల్లవాణ్ణి క్లాసులో పరాయివాణ్ణి చేయడం మాత్రం అన్యాయం. అదే ఆరు సూత్రాల నుంచే 1974లో హైదరాబాద్‌కు కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడ ఈ లోకల్ కోటా లేదు, అన్ని ప్రాంతాల పిల్లలూ ఒకే మెస్సులో తిన్నారు.

2014 విభజన చట్టం పాత ప్రవేశాల విధానాన్ని పదేళ్లు కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్ 2న ముగిసింది. తెలంగాణ వైద్య సీట్ల స్థానికతకు ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలన్న షరతును బిగించింది; 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగి, కోచింగ్ కోసం ఇంటర్ రెండేళ్లు విజయవాడలో చదివిన పిల్లల ఇళ్లలో అప్పటి టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆంధ్రప్రదేశ్ తన వైపు రెండు ఏరియాలే ఉంచుకుంది. నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్య గీత మాత్రం 1974లో గీసిన చోటే ఉంది.