ప్రొజెక్టర్ వేడి: హోమ్ థియేటర్ ఉన్నవాళ్ల అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు, కావలి వైపు ఇంట్లో సినిమా గది కట్టించుకునేవాళ్లు ఎక్కువగా పై అంతస్తునే ఎంచుకుంటారు. చప్పుడు కింద ఎవరికీ అడ్డం రాదు. అయితే ఆ గదికి పైకప్పు నేరుగా ఎండకు కాగే స్లాబ్. రోహిణి కార్తెలో 44, 45 డిగ్రీల ఎండకు కాగిన కాంక్రీటు రాత్రి పది దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది. దానికి అడుగు కిందే, ఫాల్స్ సీలింగ్‌లో అందంగా చేయించిన పెట్టెలో ప్రొజెక్టర్ ఉంటుంది. సినిమా సగానికి వచ్చేసరికి ఎర్ర దీపం వెలిగి యంత్రం ఆగిపోతుంది.

ప్రొజెక్టర్లు బిగించడం, బాగుచేయడం నా వృత్తి. వేసవిలో నా దగ్గరికి వచ్చే యంత్రాల్లో చాలావాటికి రోగం ఏమీ ఉండదు, వాటికి గాలి అందడం లేదు, అంతే. ఆ సంగతి ముందే తెలుసుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. కానీ కొన్ని నమ్మకాలు అడ్డం వస్తున్నాయి.

అపోహ: ఏసీ 24 మీద పెట్టాం, ఇక ప్రొజెక్టర్‌కు ఢోకా లేదు.

వాస్తవం: ఆ 24 మీరు కూర్చున్న చోటిది. వేడి గాలి పైకి చేరుతుంది, పైన స్లాబ్ దాన్ని ఇంకా కాచుతుంది. సోఫా దగ్గర 25 డిగ్రీలున్న గదిలో సీలింగ్ పెట్టె లోపల 37 చూశాను. ఇళ్లలో వాడే మోడళ్లలో చాలావాటికి మాన్యువల్‌లో ఇచ్చే హద్దు 35 లేదా 40 డిగ్రీలు. ఆ హద్దు యంత్రం పీల్చుకునే గాలికి వర్తిస్తుంది. గదిలో మీకు చల్లగా ఉండటానికీ దానికీ సంబంధం లేదు.

పెట్టెతో ఇంకో చిక్కు ఉంది. వెనక్కి వదిలిన వేడి గాలి బయటికి పోయే దారి లేక మళ్లీ ముందుకే తిరిగి వస్తుంది. ప్రొజెక్టర్ తాను వదిలిన గాలినే తాను పీల్చుకుంటుంది. పీల్చే గాలి గది గాలి కన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువగా ఉంటే ఇదే జరుగుతోందేమో చూడండి. పెట్టె అడుగు, ముందు భాగం పూర్తిగా తెరిచి ఉంచితే చాలా ఇళ్లలో ఇది తగ్గిపోతుంది. మాన్యువల్‌లో రాసిన ఖాళీ జాగా కార్పెంటర్‌కు ముందే చూపించండి. పీఓపీ పని అయిపోయాక నన్ను పిలిస్తే పగలగొట్టమని చెప్పాల్సి వస్తోంది. ఎంతో ముచ్చటపడి చేయించుకున్న పనిని అలా చెప్పడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: చెయ్యి పెట్టి చూస్తే ఎంత వేడిగా ఉందో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. లాంప్ ఉన్న ప్రొజెక్టర్ వెనక చెయ్యి పెడితే కాలడం సహజం. 300 వాట్ల కరెంటు లోపలికి వెళితే, తెర మీదకు పోయే కొద్దిపాటి వెలుగు తప్ప తక్కినదంతా వేడిగానే బయటికి రావాలి. అసలు భయపడాల్సింది ఆ గాలి తక్కువగా వస్తున్నప్పుడు.

దీన్ని పట్టుకునే కొలత ఒకటి ఉంది. పీల్చే గాలి ఉష్ణోగ్రత ఒకటి, వదిలే గాలి ఉష్ణోగ్రత ఒకటి తీసుకుని, రెంటి మధ్య తేడా చూడాలి. యంత్రం వాడే కరెంటు మారనప్పుడు ఆ తేడా లోపల ప్రవహించే గాలి మీదే ఆధారపడుతుంది. గాలి సగానికి తగ్గితే తేడా దాదాపు రెట్టింపవుతుంది. ఎండాకాలమైనా చలికాలమైనా ఈ లెక్క మారదు.

చేపల తొట్టెల్లో వాడే, వైరు చివర చిన్న మొన ఉండే డిజిటల్ థర్మామీటర్లు రెండు చాలు. ముందుగా రెండు మొనలనూ ఒకే చోట పెట్టి ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో సరిచూసుకోండి. తర్వాత ఒకదాన్ని గాలి పీల్చే జాలీకి రెండు మూడు సెంటీమీటర్ల ముందు, ప్లాస్టిక్‌కు తగలకుండా వేలాడదీయండి. రెండోదాన్ని గాలి వదిలే జాలీ ఎదురుగా పెట్టండి. లాంప్ వెలుగు ఆ జాలీ సందుల్లోంచి మొన మీద నేరుగా పడితే అంకె ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి కాస్త పక్కకు జరపండి. అరగంట నడిచాక రెండు అంకెలూ రాసుకోండి. ఎప్పుడు కొలిచినా పిక్చర్ మోడ్, లాంప్ సెట్టింగ్ ఒకటే ఉండాలి.

గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తిలో ఒక ఇంట్లో బిగించిన కొత్తలో ఈ కొలత రాసి స్టాండుకు అంటించాను: పీల్చేది 30, వదిలేది 46, తేడా 16. ఏడాది తిరక్కముందే ఆ ఇంటాయన మళ్లీ కొలిచి ఫోను చేశారు: 31, 58. తేడా 27కు చేరింది, అంటే దాదాపు 40 శాతం గాలి తగ్గిపోయింది. ఎర్ర దీపం అప్పటికింకా వెలగలేదు, బొమ్మలో ఏ లోపమూ లేదు. ఫిల్టర్ తీస్తే గ్రానైట్ పొడి బూడిద రంగు అట్టలా పట్టేసి ఉంది. దాన్ని మార్చి మళ్లీ కొలిస్తే తేడా 17. అంతకు మించి ఏ మరమ్మతూ అవసరం పడలేదు.

ఒక మెలిక గుర్తుంచుకోవాలి. లోపల వేడిని పసిగట్టే చిన్న సెన్సార్లు, అంటే థర్మిస్టర్లు ఉంటాయి. వేడి పెరిగితే అవి చెప్పిన మేరకు ఫ్యాన్లు వేగం పెంచుకుంటాయి. అందువల్ల దుమ్ము పట్టిన తొలి రోజుల్లో తేడా పెద్దగా మారకపోవచ్చు, చప్పుడు మాత్రం పెరుగుతుంది. పీల్చే గాలి నిన్నటిలాగే ఉండి ఫ్యాను మోత పెరిగిందంటే అదే మొదటి హెచ్చరిక.

లేజర్ చుక్క పెట్టి కొలిచే తుపాకీ థర్మామీటర్ ఈ పనికి రాదు. అది ఉపరితలాన్నే కొలుస్తుంది, గాలిని కొలవలేదు. మెరిసే లోహం మీద పెడితే అసలు కన్నా బాగా తక్కువ చూపిస్తుంది.

అపోహ: టేబుల్ ఫ్యాన్ పెట్టి గాలి కొడితే లాంప్ ఎక్కువ కాలం మన్నుతుంది.

వాస్తవం: ఇది చాలా ఇళ్లలో చూస్తున్నాను, దయచేసి మానండి. ప్రొజెక్టర్ లాంప్‌లో పాదరసం ఆవిరి మామూలు గాలి ఒత్తిడికి 200 రెట్లు పైబడిన ఒత్తిడిలో వెలుగుతుంది. వెలుగు పుట్టే సందు ఒక మిల్లీమీటరు చిల్లర. లాంప్ క్వార్ట్జ్ గాజు బుడ్డి గోడ వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అంతకన్నా బాగా కాగితే క్వార్ట్జ్ తెల్లగా మసకబారి, ఉబ్బుతుంది. చల్లబడిపోయినా ప్రమాదమే. పాదరసం పూర్తిగా ఆవిరిగా ఉండదు. ఎలక్ట్రోడ్ల నుంచి ఎగిరే టంగ్‌స్టన్‌ను తిరిగి వెనక్కి చేర్చే హాలోజన్ చక్రం సరిగా నడవదు. అప్పుడు బుడ్డి లోపలి వైపు నల్లబడుతుంది, ఆ నలుపు వెలుగును మింగి ఇంకా వేడెక్కుతుంది. అందుకే కంపెనీ లాంప్‌కు ఏ వైపు నుంచి ఎంత గాలి తగలాలో లెక్కగట్టి దారి పెడుతుంది. ఎదురుగా కొట్టే ఫ్యాను ఆ లెక్కను చెడగొడుతుంది, పైగా గదిలో దుమ్మంతా ఫిల్టర్ మీదకు తోస్తుంది.

గది గాలిని కదపడానికి ఫ్యాను పెట్టుకోండి, జాలీ మీదకు మాత్రం తిప్పవద్దు. తడి గాలి వదిలే కూలర్ అయితే ఆ గదిలోనే వద్దు.

హై ఆల్టిట్యూడ్ మోడ్ సంగతీ ఇంతే. ఎత్తైన చోట్ల గాలి పలుచబడి వేడిని తక్కువ మోసుకెళుతుంది కాబట్టి, సాధారణంగా 1500 మీటర్లు దాటిన ఊళ్ల కోసం ఆ సెట్టింగ్ ఇస్తారు. నెల్లూరు సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది. ఫ్యాను వేగంగా తిరుగుతుందని దాన్ని ఏడాది పొడవునా ఆన్‌లో ఉంచడం లాంప్ యంత్రాలకు మంచిది కాదన్నది నా అభిప్రాయం. గాలి దారి తెరవండి, సెట్టింగ్ జోలికి వెళ్లవద్దు.

అపోహ: లేజర్ ప్రొజెక్టర్‌కు వేడి బెడద లేదు.

వాస్తవం: మార్చాల్సిన లాంప్ లేదు, అంతవరకే నిజం. లేజర్ డయోడ్‌లు వేడెక్కేకొద్దీ వెలుగు తగ్గుతుంది, ఆయుష్షు కూడా తగ్గుతుంది. మూడు రంగుల లేజర్లున్న మోడళ్లలో ఎరుపు మరీ సున్నితం. చాలా లేజర్ యంత్రాలు వేడి హద్దు దగ్గర పడగానే ఆగిపోకుండా తమంతట తామే వెలుగు తగ్గించుకుంటాయి. బొమ్మ మసకబారింది, సెట్టింగ్ మార్చండి అని వేసవిలో అడిగేవాళ్లకు నేను ముందు పీల్చే గాలి ఎంత ఉందో చెప్పమంటాను.

అపోహ: కంప్రెసర్ గాలి కొడితే దుమ్మంతా పోతుంది.

వాస్తవం: సగం దుమ్ము లోపలికి పోతుంది. లోపల బొమ్మను తయారుచేసే ఎల్‌సీడీ ప్యానెళ్ల మధ్య చేరిన ఒక్క నలుసు తెర మీద పెద్ద మచ్చగా కనిపిస్తుంది. ఆ గాలికి ఫ్యాను హద్దు మీరి తిరిగి బేరింగులు దెబ్బతింటాయి. ఫిల్టర్‌ను బయటికి తీసి మెత్తని కుంచెతో, తక్కువ వేగంలో వాక్యూమ్‌తో శుభ్రం చేయండి. కొన్ని ఫిల్టర్లు కడగకూడనివి. మాన్యువల్ చూడకుండా నీళ్లలో పెట్టవద్దు. కొత్తపట్నం, సింగరాయకొండ వంటి తీరం ఊళ్లలో ఉప్పు తేమను లాక్కుని దుమ్మును ముద్దలా అంటిస్తుంది. అలాంటి చోట శుభ్రం చేయడం కన్నా మార్చడమే నయం.

అపోహ: ఫోను యాప్‌లో లోపలి డిగ్రీలు కనిపిస్తాయి.

వాస్తవం: మోడల్‌ను బట్టి. పానాసోనిక్ పెద్ద మోడళ్ల స్టేటస్ పేజీలో పీల్చే గాలి, వదిలే గాలి ఉష్ణోగ్రతలు విడివిడిగా కనిపిస్తాయి. నెట్‌వర్క్‌ ద్వారా ప్రొజెక్టర్‌ను అడిగి తెలుసుకోవడానికి చాలా కంపెనీలు పాటించే పీజేలింక్ పద్ధతిలో మాత్రం డిగ్రీలు రావు. నెట్‌వర్క్‌లో 4352 పోర్టుకు ఈఆర్ఎస్‌టీ అనే ప్రశ్న పంపితే ఆరు అంకెలు తిరిగొస్తాయి. మొదటిది ఫ్యాను, రెండోది లాంప్, మూడోది ఉష్ణోగ్రత, అయిదోది ఫిల్టర్. 0 అంటే బాగుంది, 1 అంటే హెచ్చరిక, 2 అంటే లోపం. మూడో అంకె 1 కాగానే ఫోనుకు కబురు వచ్చేలా హోమ్ ఆటోమేషన్‌లో పెట్టుకోవచ్చు. కానీ ఆ 1 వచ్చేసరికే ఆలస్యమై ఉంటుంది. థర్మామీటర్ల తేడా అంతకు నెలల ముందే చెబుతుంది.

అపోహ: కరెంటు పోతే లాంప్ పేలిపోతుంది.

వాస్తవం: ఒక్కసారి పోతే పేలదు. కరెంటు రాగానే, కాగి ఉన్న లాంప్‌ను వెంటనే మళ్లీ వెలిగించడమే చెరుపు. పది నిమిషాలు ఆగండి. చిన్న యూపీఎస్ ఉంటే ఫ్యాన్లు తిరిగి లాంప్ చల్లారేదాకా నడుస్తుంది.

అపోహ: సెన్సార్ ఊరికే ఆపేస్తోంది, దాన్ని తీసేస్తే సరిపోతుంది.

వాస్తవం: లాంప్ దగ్గర వేడి హద్దు దాటితే కరెంటు తెంచే చిన్న థర్మల్ స్విచ్ ఉంటుంది. దాని రెండు కాళ్లనూ వైరు ముక్కతో కలిపేసిన యంత్రాలు నా బల్ల మీదకు వచ్చాయి. వాటిలో ఒకదాని లాంప్ గూడు ప్లాస్టిక్ కరిగి వంకర పోయింది. పిల్లలు దాని కిందే కూర్చుని బొమ్మలు చూస్తున్నారు. ఎవరైనా ఆ పని చేస్తామంటే ఒప్పుకోకండి, యంత్రాన్ని వెనక్కి తీసుకోండి. ఎర్ర దీపం ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టి మాన్యువల్‌లో చూడండి. ఫ్యాను లోపానికి, వేడికి వేర్వేరు గుర్తులుంటాయి. మెకానిక్‌కు ఆ గుర్తు చెబితే సగం పని అయినట్టే.

లాంప్ నిజంగా పగిలితే పాదరసం ఆవిరి గదిలోకి వస్తుంది. మెయిన్ స్విచ్ ఆపి, ఏసీ ఆపి, కిటికీలు తెరిచి అందరూ బయటికి వచ్చేయండి. గది బాగా గాలాడాకే లోపలికి వెళ్లండి. ముక్కలను చేత్తో ముట్టవద్దు, వాక్యూమ్ వాడవద్దు. గట్టి అట్టతో ఎత్తి, తడి కాగితంతో తుడిచి, అన్నిటినీ మూత ఉన్న డబ్బాలో వేయండి.