డాల్బీయా, డీటీఎసా? హోమ్ థియేటర్ సౌండ్‌పై అపోహలు - వాస్తవాలు

హోమ్ థియేటర్లు బిగించి ట్యూన్ చేయడం నా పని. ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ‘డాల్బీ మంచిదా, డీటీఎస్ మంచిదా?’ అనే. ఇవి సినిమా సౌండ్‌ని కుదించి స్పీకర్ల దాకా చేర్చే రెండు పోటీ పద్ధతులు. నేను తిరిగి అడిగేది ‘ఇప్పుడు మీ రిసీవర్ డిస్‌ప్లే మీద ఏం కనిపిస్తోంది?’ అని. రిసీవర్ అంటే సౌండ్‌ని అందుకుని స్పీకర్లకి పంచే పెట్టె. చాలామంది అటువైపు ఎప్పుడూ చూసి ఉండరు. డబ్బా మీద ఎన్ని లోగోలు ఉన్నా, సినిమా ఆడుతున్నప్పుడు రిసీవర్‌కి నిజంగా ఏ సిగ్నల్ చేరుతోందో చెప్పేది ఆ చిన్న అక్షరాలే. ఈ కింది అపోహల్లో సగం అటు ఒకసారి చూస్తే అక్కడికక్కడే తేలిపోతాయి.

అపోహ: డాల్బీ కంటే డీటీఎస్ సౌండ్ ఎప్పుడూ మెరుగే.

ఈ నమ్మకానికి పాత చరిత్ర ఉంది. 1992లో డాల్బీ డిజిటల్ థియేటర్లలోకి వచ్చినప్పుడు ఆ సౌండ్ డేటాని ఫిల్మ్ అంచున, రంధ్రాల మధ్య ఉన్న కాస్త జాగాలో ముద్రించేవారు. మరుసటి ఏడాది వచ్చిన డీటీఎస్‌లో ఫిల్మ్ మీద టైమ్ కోడ్ మాత్రమే ఉండేది, సౌండ్ విడిగా సీడీల్లో వచ్చేది. చోటు ఎక్కువ కాబట్టి డేటా కూడా ఎక్కువ పెట్టారు. డీవీడీల కాలంలోనూ అదే తీరు: డాల్బీకి సాధారణంగా 448 కేబీపీఎస్ (సెకనుకు వెళ్లే డేటా, కిలోబిట్లలో) వరకు ఇస్తే, డీటీఎస్‌కి 754 లేదా 1509 ఇచ్చేవారు. దాంతో అంకె పెద్దది కాబట్టి సౌండ్ కూడా గొప్పదే అనే మాట స్థిరపడిపోయింది. కానీ రెండూ డేటాని కుదించే పద్ధతులు వేరు. అందుకే ఆ అంకెలను పక్కపక్కన పెట్టి తూచడం కుదరదు.

బ్లూరే వచ్చాక ఈ వాదనకి ఆధారమే పోయింది. డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో రెండూ లాస్‌లెస్. స్టూడియోలో మిక్స్ చేసి ఇచ్చిన మాస్టర్ విప్పాక బిట్టు పొల్లు పోకుండా తిరిగి వస్తుంది. ఒకే మాస్టర్‌ని రెండింట్లోనూ పెడితే తేడా ఉండకూడదు.

మరి ‘నా చెవికి తేడా తెలుస్తోంది కదా’ అంటారు. తెలుస్తుంది, ఎందుకంటే వాల్యూమ్ వేరు. డాల్బీ ట్రాక్‌లో డయలాగ్ నార్మలైజేషన్ అనే సమాచారం ఉంటుంది. దాన్నిబట్టి రిసీవర్ మొత్తం సౌండ్‌ని కొన్ని డెసిబెల్స్ తగ్గిస్తుంది. డాల్బీ సినిమా మొదలవగానే కొన్ని రిసీవర్ల డిస్‌ప్లే మీద ‘డయలాగ్ నార్మ్ +4 డీబీ’ అని ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. అంటే ఈ ట్రాక్ 4 డెసిబెల్స్ తగ్గి వినిపిస్తోందని అర్థం. డీటీఎస్ ట్రాకుల్లో ఈ తగ్గింపు సాధారణంగా ఉండదు. 4 డెసిబెల్స్ అంటే చిన్న తేడా కాదు. కాస్త గట్టిగా వినిపించినదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది, ఇది మనిషి చెవి స్వభావం. వాల్యూమ్ 4 పెంచి మళ్లీ వినండి. డీటీఎస్ వీరాభిమానులు చాలామంది అక్కడ మౌనంగా అయిపోతారు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. కొన్ని రిసీవర్లలో ట్రూహెచ్‌డీ కోసం లౌడ్‌నెస్ మేనేజ్‌మెంట్, ఆటో డైనమిక్ రేంజ్ లాంటి సెట్టింగులు ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో వస్తాయి. అవి పేలుళ్లని అణిచేసి గుసగుసల్ని పెంచేస్తాయి. ‘డాల్బీ చప్పగా ఉంది’ అనేవాళ్లు ముందు ఆ మెనూ చూడాలి.

అపోహ: టీవీ, ప్లేయర్, రిసీవర్ మూడింటి మీదా అట్మాస్ లోగో ఉంది, కాబట్టి ఇంట్లో అట్మాస్ వస్తోంది.

అట్మాస్ అంటే నెత్తిమీద నుంచి కూడా శబ్దాలు వినిపించే డాల్బీ సౌండ్. నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. బండి ఎంత పెద్దదైనా సందు ఎంత వెడల్పుంటే అంతే దూరుతుంది. ఇక్కడ సందు అంటే ఒక పరికరం నుంచి ఇంకొకదానికి సౌండ్ వెళ్లే దారి.

అన్నిటికంటే ఇరుకు దారి ఆప్టికల్ కేబుల్. స్టీరియో పీసీఎం (కుదించని సౌండ్), లేదంటే పాత డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 (ఐదు ఛానళ్లు, ఒక బేస్ ఛానల్), అంతవరకే. డాల్బీ డిజిటల్ ప్లస్ కూడా దాంట్లో వెళ్లదు, కాబట్టి అట్మాస్ ప్రసక్తే లేదు. తర్వాత 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీ, అంటే టీవీ సౌండ్‌ని అదే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో వెనక్కి రిసీవర్‌కి పంపే దారి. కేబుల్ హెచ్‌డీఎంఐదే అయినా మోసే బరువు దాదాపు ఆప్టికల్ అంతే. అయితే చాలా టీవీలు దీనిమీద డాల్బీ డిజిటల్ ప్లస్ పంపగలవు. స్ట్రీమింగ్ యాప్‌లలో వచ్చే అట్మాస్ అందులోనే దాగి వస్తుంది కాబట్టి టీవీలోని యాప్‌లకి ఏఆర్‌సీతోనూ పని జరగొచ్చు. డిస్క్‌లో ఉండే ట్రూహెచ్‌డీ అట్మాస్ మాత్రం దాంట్లో పట్టదు. దానికి హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఆర్క్ (ఏఆర్‌సీకి మెరుగైన రూపం) ఉండాలి. ఇది సుమారు 37 ఎంబీపీఎస్ మోస్తుంది, 8 ఛానళ్ల పీసీఎం కూడా పట్టేస్తుంది.

ఇక సాధారణంగా జరిగేది చూడండి. బ్లూరే ప్లేయర్‌ని టీవీకి కలుపుతారు, టీవీ నుంచి ఏఆర్‌సీలో రిసీవర్‌కి వేస్తారు. ప్లేయర్ ఆన్ కాగానే ‘నీకు ఏమేం వచ్చు?’ అని టీవీని అడుగుతుంది. టీవీ ‘నాకు డాల్బీ డిజిటల్ వచ్చు’ అంటుంది. ప్లేయర్ మారుమాట లేకుండా ట్రూహెచ్‌డీని పక్కనపెట్టి డిస్క్‌లోని మామూలు డాల్బీ డిజిటల్ 5.1ని పంపేస్తుంది. బొమ్మ వస్తోంది, సౌండ్ వస్తోంది, సీలింగ్ స్పీకర్లు కూడా మోగుతున్నాయి. ఇంటాయన సంబరపడతాడు. డిస్‌ప్లే మీద ఉండేది మాత్రం ‘డాల్బీ సరౌండ్’.

ఆ రెండు మాటల దగ్గరే అందరూ బోల్తా పడతారు. డాల్బీ సరౌండ్ అంటే ఇప్పటి రిసీవర్లలో అప్‌మిక్సర్ పేరు. 5.1 లేదా 7.1 సౌండ్‌ని తీసుకుని, అందులోంచి పైన ఉన్న స్పీకర్లకి కొంత పంచిపెడుతుంది. డీటీఎస్ న్యూరల్ ఎక్స్ పని కూడా అదే. వినడానికి బాగానే ఉంటుంది, నేనూ పాత సినిమాలకి వాడతాను. కానీ అది అట్మాస్ కాదు. రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కి ‘ఇన్‌పుట్ సిగ్నల్’ అనే వరస చదవండి. అక్కడ అట్మాస్ అని ఉంటేనే వచ్చినట్టు.

పరిష్కారం సులువే: ప్లేయర్‌ని నేరుగా రిసీవర్ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి, రిసీవర్‌ని టీవీకి కలపాలి. అప్పుడు 4కే బొమ్మ కోసం రిసీవర్‌లో హెచ్‌డీసీపీ 2.2 (కాపీ చేయకుండా కాపాడే వ్యవస్థ) ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్‌లు ఉన్న ప్లేయర్ దొరుకుతుంది. ఒకటి బొమ్మకి టీవీకి, ఇంకొకటి సౌండ్‌కి రిసీవర్‌కి. ఏఆర్‌సీ, ఈఆర్క్ అసలు పనిచేయకపోతే టీవీ మెనూలో సీఈసీ (హెచ్‌డీఎంఐ పరికరాలు ఒకదాన్నొకటి నడిపించుకునే సెట్టింగ్) ఆఫ్‌లో ఉందేమో, కేబుల్ ఏఆర్‌సీ అని రాసున్న పోర్ట్‌లోనే ఉందో లేదో చూడండి. ఒక్కొక్కప్పుడు టీవీ సౌండ్ అవుట్‌పుట్ ‘పీసీఎం’ మీద ఉండిపోతుంది, అప్పుడు ఎంత సినిమా పెట్టినా స్టీరియోనే. ఇంకో మాట, డీటీఎస్‌ని అసలు ముందుకు పంపని టీవీలు ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో డీటీఎస్ సినిమా పెడితే మూగగా ఆడుతుందంటే తప్పు రిసీవర్‌ది కాదు.

అపోహ: స్ట్రీమింగ్‌లో వచ్చేది ఉత్తుత్తి అట్మాస్.

అట్మాస్ అనేది సౌండ్‌ని కుదించే పద్ధతి కాదు, ఏ శబ్దం ఎక్కడ ఉండాలో చెప్పే సమాచారం. డిస్క్‌లో అది ట్రూహెచ్‌డీ మీద ఎక్కి వస్తుంది, స్ట్రీమింగ్‌లో డాల్బీ డిజిటల్ ప్లస్ మీద. రెండోది లాసీ, అంటే కుదించేటప్పుడు కొంత సమాచారం వదిలేస్తుంది, డేటా చాలా తక్కువ. కాబట్టి డిస్క్‌దే పైచేయి, మంచి సెటప్‌లో వింటే తెలుస్తుంది కూడా. కానీ హెలికాప్టర్ నెత్తిమీద నుంచి వెనక్కి వెళ్లడం రెండింట్లోనూ ఉంటుంది.

అపోహ: అట్మాస్, డీటీఎస్ ఎక్స్ లేని పాత రిసీవర్ ఇక దండగ.

కాదు. డీటీఎస్ ఎక్స్ (అట్మాస్‌కి డీటీఎస్ వారి పోటీ) డిస్క్ వేస్తే పాత రిసీవర్ దాన్ని డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియోగా చదువుతుంది. అంతకంటే పాతదైతే లోపలున్న మామూలు డీటీఎస్ కోర్‌ని తీసుకుంటుంది. అట్మాస్ డిస్క్ కూడా ట్రూహెచ్‌డీ 7.1గా ఆడుతుంది, ఆ పైశబ్దాలు కింది స్పీకర్లలోకి సర్దుకుంటాయి. ఆరో 3డీ (పైశబ్దాలున్న ఇంకో ఫార్మాట్) సంగతీ అంతే, దాని డీకోడర్ లేకపోతే మామూలు 5.1 వినిపిస్తుంది. 5.1 స్పీకర్లతో 7.1 ట్రాక్ వేసినా వెనక ఛానళ్లు పక్క స్పీకర్లలో కలిసిపోతాయే తప్ప మాయమవ్వవు.

అపోహ: ప్లేయర్‌లో బిట్‌స్ట్రీమ్ పెడితేనే అసలు సౌండ్, పీసీఎం అంటే నాసిరకం.

బిట్‌స్ట్రీమ్ అంటే ట్రాక్‌ని విప్పకుండా అలాగే రిసీవర్‌కి పంపడం, పీసీఎం అంటే ప్లేయరే విప్పి పంపడం. లాస్‌లెస్ ట్రాక్‌ని ప్లేయర్ విప్పినా, రిసీవర్ విప్పినా వచ్చేవి అవే ఛానళ్లు. తేడా ఒక్క చోటే: ప్లేయర్ పీసీఎంగా మార్చి పంపితే అట్మాస్, డీటీఎస్ ఎక్స్‌ల ఆబ్జెక్ట్ సమాచారం (ఏ శబ్దం ఎక్కడ ఉండాలో చెప్పేది) దారిలోనే పోతుంది. అందుకని బ్లూరే ప్లేయర్‌కి బిట్‌స్ట్రీమ్ పెట్టమనే నేను చెబుతాను. దానితోపాటు ‘సెకండరీ ఆడియో’ అనే సెట్టింగ్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే మెనూ క్లిక్కులు, కామెంటరీ కలపడానికి ప్లేయర్ ట్రాక్‌ని విప్పి మళ్లీ మామూలు డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కడుతుంది. బిట్‌స్ట్రీమ్ పెట్టాం, అయినా అట్మాస్ రావట్లేదు అనేవాళ్ల సమస్య చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

అపోహ: ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్‌తో బేస్ పెరుగుతుంది, ఈఆర్క్‌కి ప్రత్యేక కేబుల్ కావాలి.

రెండూ కాదు. డిజిటల్ సిగ్నల్ చేరితే పూర్తిగా చేరుతుంది. చేరకపోతే సౌండ్ తెగుతుంది, బొమ్మలో చుక్కలు మెరుస్తాయి. నాసి కేబుల్ బేస్‌ని మాత్రమే ఏరుకుని తినేయదు. ఈఆర్క్‌కి ఈథర్‌నెట్ ఉన్న పాత హై స్పీడ్ కేబుల్ సరిపోతుంది.

అపోహ: 5.1లో ఆ .1 అంటే సబ్‌వూఫర్, పెద్ద స్పీకర్లుంటే వాటిని ‘లార్జ్’ అని పెట్టాలి.

.1 అనేది ఎల్ఎఫ్ఈ అనే విడి ఛానల్. సుమారు 120 హెర్ట్జ్ లోపు శబ్దాలకి, మిగతా ఛానళ్ల కంటే 10 డెసిబెల్స్ గట్టిగా మోగే వీలుతో ఇస్తారు. సబ్‌వూఫర్ పని అంతటితో ఆగదు. మిగిలిన స్పీకర్లు మోయలేని బేస్‌ని కూడా అదే మోయాలి. ఆ సర్దుబాటుకే క్రాసోవర్ (ఎన్ని హెర్ట్జ్ కింది బేస్‌ని సబ్‌కి పంపాలో చెప్పే అంకె) ఉన్నది. రిసీవర్‌లో ‘స్మాల్’ అంటే చిన్న స్పీకర్ అని కాదు, దీని బేస్‌ని సబ్‌కి పంపు అని చెప్పడమే.

నడుమెత్తు టవర్ స్పీకర్లు కొన్నాయన దగ్గర ‘వాటిని స్మాల్ అని పెట్టండి’ అంటే మొహం మాడిపోతుంది. అయినా చెబుతాను: 80 హెర్ట్జ్ దగ్గర కోయండి, సౌండ్ ప్రమాణాల సంస్థ టీహెచ్ఎక్స్ కూడా చెప్పే అంకె అదే. రిసీవర్ మీద బరువు తగ్గుతుంది, టవర్లు మాటల్ని ఇంకా శుభ్రంగా పలుకుతాయి. బేస్ కూడా ఒకే చోటినుంచి వస్తుంది కాబట్టి గదిలో దాన్ని సర్దడం తేలిక.

గది సంగతి ఇంకా ముఖ్యం. 40 హెర్ట్జ్ తరంగం పొడవు 8.5 మీటర్ల పైచిలుకు. మామూలు గదిలో అది గోడలకి కొట్టుకుని ఒక సీటులో గుండెలు అదరగొడుతుంది, పక్క సీటులో ఊసే ఉండదు. సబ్ బాగాలేదని తిరిగిచ్చేసే ముందు ఒక పని చేయండి. సబ్‌ని మీరు కూర్చునే సీటులో పెట్టి, బేస్ పాట వేసి, గోడల వెంట వంగి నడవండి. బేస్ ఎక్కడ నిండుగా, సమంగా వినిపిస్తే సబ్‌ని అక్కడికి మార్చండి. చూసేవాళ్లకి నవ్వొస్తుంది, ఫలితం చూశాక నవ్వరు. ఒక పెద్ద సబ్ కంటే రెండు మామూలువి వేరు వేరు చోట్ల పెడితే సీట్ల మధ్య తేడా బాగా తగ్గుతుంది.

అపోహ: స్పీకర్లు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది, పైకి చూసే స్పీకర్లు సీలింగ్ స్పీకర్లతో సమానం.

7.1.4లో మూడో అంకె నెత్తిమీద స్పీకర్లది. సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంటే వెనక స్పీకర్లకి చోటే లేదు. అలాంటి గదిలో 7.1 కంటే 5.1.2, వీలైతే 5.1.4 నయం. పక్క స్పీకర్లు 5.1 అమరికలో మీ చెవులకి కాస్త వెనకగా, ముందువైపు నుంచి 110 డిగ్రీల దగ్గర ఉండాలి. రెండూ టీవీ పక్కనే పెట్టేసి సరౌండ్ రావట్లేదంటే ఏ ఫార్మాటూ కాపాడదు.

పైకి చూసే స్పీకర్లు సౌండ్‌ని సీలింగ్‌కి కొట్టి కిందికి దించుతాయి. సీలింగ్ చదునుగా, గట్టిగా ఉండాలి. సౌండ్ పీల్చే ప్యానెళ్లు బిగించినా, వాలుగా ఉన్నా పని జరగదు. నా లెక్కలో సీలింగ్ స్పీకర్ ఎప్పుడూ ఒక మెట్టు పైనే. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టనివ్వకపోతే మాత్రం ఇవే గతి.

అపోహ: వాట్లు రెట్టింపైతే సౌండ్ రెట్టింపు.

రెట్టింపు వాట్లకి పెరిగేది 3 డెసిబెల్సే. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పది రెట్లు పవర్ కావాలి. పీఎంపీఓ (ప్రచారానికి రాసే ఉబ్బించిన పవర్) అంకెల్ని చూడనే చూడకండి. రిసీవర్ మీద రాసే 100 వాట్లు కూడా తరచు రెండు ఛానళ్లు మాత్రమే నడిచినప్పటివి. తొమ్మిదీ ఒకేసారి మోగితే అంత రాదు. స్పీకర్ సెన్సిటివిటీ (అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 3 డెసిబెల్స్ ఎక్కువున్నది కొంటే పవర్ రెట్టింపు చేసినంత లాభం. 4 ఓమ్స్ స్పీకర్లని, 8 ఓమ్స్‌కి తగ్గితే నప్పని రిసీవర్‌కి తగిలిస్తే అది వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి (తనంతట తానే ఆగిపోయే స్థితిలోకి) వెళ్లిపోవచ్చు.

అపోహ: మైక్ పెట్టి ఆటో సెటప్ నొక్కితే చాలు.

ఆటో సెటప్ అంటే రిసీవర్ తన మైక్‌తో గదిలో సౌండ్‌ని కొలిచి స్పీకర్లని సర్దుకోవడం. చాలావరకు నిజమే, మైక్ సరిగ్గా పెడితే. దాన్ని సోఫా మీద పడేసి నొక్కేవాళ్లే ఎక్కువ. మైక్ చెవి ఎత్తులో, స్టాండ్ మీద ఉండాలి, గదిలో ఫ్యాన్, ఏసీ ఆపేయాలి. అయ్యాక స్పీకర్ సైజుల పేజీ తెరిచి ‘లార్జ్’ అని పెట్టినవాటిని స్మాల్ చేసి 80 హెర్ట్జ్ ఇవ్వండి. సబ్‌వూఫర్ దూరం మాత్రం ముట్టుకోకండి. టేపుతో కొలిస్తే 3 మీటర్లున్నది రిసీవర్‌లో 4, 5 మీటర్లు అని చూపించవచ్చు. సబ్ లోపలి సర్క్యూట్ సౌండ్‌ని ఆలస్యం చేస్తుంది, రిసీవర్ ఆ ఆలస్యాన్ని కూడా దూరంలో కలిపి లెక్క కడుతుంది. టేపు అంకె వేస్తే ఆ లెక్క చెడి, సబ్ మిగతా స్పీకర్ల కంటే వెనకబడుతుంది.