మంద వెంట వెళ్లని మందు

టీబీ కోసం ఇంటింటి సర్వేకి వెళ్లిన ఆశా కార్యకర్తకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గొల్ల వీధుల్లో తరచూ ఎదురయ్యే జవాబు ఒకటుంది: "ఆయన మందలో ఉన్నాడమ్మా." ఇల్లు ఉంది. ఆధార్, రేషన్ కార్డు ఉన్నాయి. ఇంట్లో ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. రెండు వారాలు దాటిన దగ్గు ఉందా, ఒళ్లు తగ్గిందా, సాయంత్రం పూట జ్వరం వస్తోందా అని అడగాల్సిన మనిషే లేడు. సర్వే కాగితంలో మాత్రం ఆ ఇల్లు చూసేసినట్టే లెక్క.

కుటుంబమంతా సామాను కట్టుకుని ఊళ్లు దాటే సంచారం కాదిది. మందతో కదిలేది ఎక్కువగా మగవాళ్లు, వాళ్ల దగ్గర జీతానికి ఉండే కంబారి కుర్రాళ్లు. వానాకాలంలో పల్లంలో వరి నాట్లు పడ్డాక గొర్రెలకు అక్కడ చోటుండదు. మంద గరువులనే మెట్ట నేలల మీదికి, కొండవారలకు పోతుంది. కోతలయ్యాక మళ్లీ పల్లానికి దిగుతుంది. రైతులు తమ చేలో రాత్రిళ్లు మంద కట్టించుకుని, ఎరువుకు బదులుగా ధాన్యమో డబ్బో ఇస్తారు. అదీ అన్ని చేలల్లో కుదరదు. వరి కోయకముందే మినుములు, పెసలు చల్లేసే అలవాటు ఈ జిల్లాల్లో ఎక్కువ. అపరాలు మొలిచిన చేను దరిదాపులకు మందను రానివ్వరు. అందుకే ఒక చేలో నాలుగు రాత్రులుంటే ఇంకో చేలో రెండే. వచ్చే వారం ఎక్కడుంటాడో కాపరికే గట్టిగా తెలియదు.

టీబీ వైద్యం చరిత్రను ఈ కాపరి వైపు నుంచి చూస్తే ఒక సంగతి తేటగా కనబడుతుంది. మందులు మారాయి, పరీక్షలు మారాయి, ప్రభుత్వ కార్యక్రమం పేరు రెండుసార్లు మారింది. రోగి ఒకచోట కుదురుగా ఉంటాడన్న నమ్మకం మాత్రం చాలాకాలం మారలేదు.

మొదట్లో దానికి కారణం ఉంది. రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న టీబీ క్రిమిని కనిపెట్టానని ప్రకటించాక కూడా అరవై ఏళ్ల పాటు పనిచేసే మందు లేదు. విశ్రాంతి, మంచి తిండి, ఆరుబయట గాలి, ఇవే వైద్యం. అందుకోసమే శానటోరియంలు కట్టారు. తెలుగునాట పేరున్నది మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైంది. అక్కడ చేరి మంచం మీద ఉండాలంటే నెలల తరబడి పని మానుకోగలగాలి, రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లగలగాలి. గొర్రెల కాపరికి అందే వైద్యం కాదది.

ఇందులో ఒక విడ్డూరం కూడా ఉంది. శానటోరియం ఖర్చుపెట్టి పీల్చమన్న గాలి కాపరికి ఊరికే దొరుకుతుంది. మేకపాలు, మేకమాంసం, చివరికి మేకల మధ్య పడక కూడా క్షయకు మంచివని మన ఆయుర్వేదం చెప్పింది. ఆ లెక్కన మందలోని మనిషికి క్షయ రాకూడదు! ఆరుబయట టీబీ క్రిమి గాలిలో పలచబడిపోతుంది, ఎండకు చస్తుంది కూడా. అయితే వానరాత్రుల్లో ఒకే టార్పాలిన్ కింద నలుగురైదుగురు ముడుచుకుని పడుకునేదీ ఈ కాపరులే. వాళ్లలో ఒకరికి దగ్గు ఉంటే పగలంతా పీల్చిన మంచి గాలి రాత్రి అక్కరకు రాదు. పైగా బీడీ, చుట్ట, సారా, వేళకు లేని తిండి.

మంచం అక్కర్లేదని తేల్చింది మద్రాసు. 1956లో అక్కడ మొదలైన అధ్యయనంలో 193 మంది రోగులను రెండు వర్గాలుగా విడదీశారు. ఒకరికి శానటోరియంలో, ఇంకొకరికి ఇరుకిళ్లలోనే, అవే మందులు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఫలితాలు దాదాపు సమానం. ఇంట్లో మందులు వాడినవాళ్ల కుటుంబాలకు జబ్బు ఎక్కువగా అంటుకోలేదని కూడా ఆ తర్వాత తేలింది. టీబీ ప్రపంచంలో ఇంత పెద్ద మలుపు మళ్లీ రాలేదంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. దాని ఆధారంగానే 1962లో జాతీయ క్షయ కార్యక్రమం వచ్చింది, జిల్లాకో టీబీ కేంద్రం పెట్టారు. మందులు ఇంటికి తీసుకెళ్లొచ్చు. కాకపోతే ఏడాది నుంచి ఏడాదిన్నర వాడాలి, నెలనెలా వచ్చి తెచ్చుకోవాలి. రెండు నెలలకే దగ్గు తగ్గిపోయిన మనిషి ఇంకో ఏడాది ఎందుకు తిరుగుతాడు? దేశమంతటా సగం మందికి పైగా కోర్సు పూర్తి చేయలేదు. ఊళ్లో ఉన్నవాళ్ల సంగతే అదైతే మందలో ఉన్నవాళ్ల గురించి చెప్పేదేముంది.

ఈలోగా కాపరి దారీ మారుతూ వచ్చింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల్లో మేతకు పర్మిట్లు, రుసుములు వచ్చాయి. 1948 చట్టంతో జమీందారీలు పోయి వాటి అడవులు, బంజర్లు ప్రభుత్వం చేతికొచ్చాయి. ఆ తర్వాత గరువుల మీద జీడిమామిడి, సరుగుడు, నీలగిరి తోటలు పెరిగాయి. మేత తగ్గినకొద్దీ నడక పెరుగుతుంది.

నడక పెరిగిన దారిలోనే సరిహద్దులూ పెరిగాయి. శ్రీకాకుళం 1950లో విశాఖ నుంచి విడిపోయి జిల్లా అయింది. 1979లో విజయనగరం ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో పాలకొండ, పార్వతీపురం, సాలూరు కలిసి మన్యం జిల్లా అయ్యాయి, రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారింది. అటు కొండ దిగితే ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలు. గొర్రెకు ఇవేవీ తెలియవు. టీబీ రికార్డుకు మాత్రం ఇవే ప్రాణం: జిల్లా, దాని కింద టీబీ యూనిట్, దాని కింద పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం.

1997లో మొదలై 2006 నాటికి దేశమంతా విస్తరించిన డాట్స్ పద్ధతి కాపరికి మేలూ చేసింది, ఇబ్బందీ పెట్టింది. వైద్యం ఆరు నెలలకు తగ్గడం పెద్ద మేలు. కానీ ఆ పద్ధతికి పునాదే ఎదురుగా మింగించడం. వారానికి మూడు రోజులు, మొదటి రెండు నెలలూ ప్రతి డోసూ ఇంకొకరి కళ్లముందు వేసుకోవాలి. వైద్యం మొదలుపెట్టే ముందు సిబ్బంది ఇంటికెళ్లి చిరునామా సరిచూడాలి. రోగి పేరు రాసిన ఒక పెట్టెలో కోర్సు మందులన్నీ పెట్టి, ఆ పెట్టెను డాట్స్ ఇచ్చే మనిషి దగ్గర ఉంచేవారు. మందులు అయిపోతాయన్న టెన్షన్ లేకుండా చేసిన తెలివైన ఏర్పాటే అది. కాకపోతే పెట్టె ఊళ్లో, మనిషి కొండవారలో. వేరేచోట వాడుకోవాలంటే ట్రాన్స్‌ఫర్ ఫారం కావాలి, ఫలానా ఊరికి వెళ్తున్నానని చెప్పగలగాలి. కాపరి చెప్పగలిగేది "అటుకేసి" అని మాత్రమే. రెండు నెలలు వరుసగా మందులు తీసుకోకపోతే రిజిస్టర్‌లో "డిఫాల్టర్" అని రాసేవారు. అప్పు ఎగ్గొట్టినవాడికి వాడే మాటను రోగికి అంటించడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

తెమడ పరీక్షదీ అదే తంతు. ఒక నమూనా వచ్చిన రోజు, ఇంకొకటి మర్నాడు పొద్దున్నే. రెండో రోజుకి మంద ఇంకో ఊరి పొలిమేరలో ఉంటుంది.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. కెన్యా ఈశాన్య ప్రాంతంలోని వజీర్‌లో ఒంటెలు, పశువులు మేపుకునే సోమాలీ సంచార కుటుంబాల కోసం అనలేనా టొనెల్లి అనే ఇటలీ మహిళ 1976లో ఒక దారి కనిపెట్టారు. ఆసుపత్రి పక్కనే వాళ్ల పద్ధతిలో గుడిసెల వాడ వేయించి, వైద్యం పూర్తయ్యే దాకా రోగులను అందులో ఉంచేవారు. వాడలో వాళ్ల మాటలు, వాళ్ల తిండి. మందు ఎదురుగానే మింగాలి. డాట్స్‌కు ముందడుగుల్లో దీన్నీ చెప్పుకుంటారు. కానీ ఇది కూడా మనిషిని ఆపే పద్ధతే. గొర్రెల యజమాని నెలల తరబడి ఆగితే మందను ఎవరు చూస్తారు?

ఆఫ్రికాలోని చాద్ దేశం చెప్పిన పాఠం మనకు ఇంకా దగ్గర. అక్కడి సంచార శిబిరాల్లో పిల్లలకు టీకాలు పూర్తిగా పడలేదు గానీ పశువులకు పడ్డాయని 2000 ప్రాంతంలో పరిశోధకులు గమనించారు. పశువైద్యులు వెళ్లే బండిలోనే మనుషుల టీకాలూ పంపారు. పని జరిగింది.

ఇక్కడా మంద జాడ తెలిసిన ప్రభుత్వ శాఖ పశుసంవర్ధక శాఖే. నట్టల మందు తాగించేవాళ్లు, పారుడు రోగానికి, చిటుక రోగానికి టీకాలు వేసేవాళ్లు మందను వెతుక్కుంటూ వెళ్తారు. ఎందుకంటే మంద వాళ్ల దగ్గరికి రాదని వాళ్లకు తెలుసు. 2022 మే నుంచి 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం కూడా వస్తోంది. గొర్రెకు జబ్బు చేస్తే బండి మంద దగ్గరికి వెళ్తుంది, కాపరికి జబ్బు చేస్తే కాపరే పీహెచ్‌సీకి రావాలి. రెండు శాఖలూ ఒకే ప్రభుత్వంలోవే.

పశువులతో ఇంకో లంకె ఉంది, దాన్ని అతిగా చెప్పకూడదు. పశువుల టీబీ పచ్చిపాల ద్వారా మనిషికి రావచ్చు. పాలు కాచి తాగితే చాలు. మనుషుల్లో కనిపించే టీబీలో అత్యధికం మాత్రం మనిషి దగ్గు నుంచి మనిషికి అంటేదే. గొర్రెల మీద నేరం మోపి లాభం లేదు.

గత పది పదిహేనేళ్లలో చాలా మారింది. 2017 నుంచి రోజువారీ మాత్రలొచ్చాయి, మందులు రోగి చేతికే ఇస్తున్నారు. 2012లో మొదలైన నిక్షయ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ టీబీ రికార్డులో రోగికొక నంబరుంటుంది, దాన్ని చూపి దేశంలో ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా మందులు అడగొచ్చు. టీబీ క్రిమిని పట్టే, గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం బ్యాటరీ మీద నడుస్తుంది, గంట దాటితే ఫలితం చెప్పేస్తుంది. పోషణకు 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చారు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. తిండికి, టీబీకి ఉన్న సంబంధాన్ని జార్ఖండ్‌లో చేసిన పెద్ద అధ్యయనం 2023లో నిరూపించింది: రోగుల ఇళ్లలో మిగతావాళ్లకు అదనపు పోషణ ఇస్తే వాళ్లకు టీబీ రావడం 39 శాతం తగ్గింది. అయినా 2025కల్లా టీబీని అంతం చేస్తామన్న లక్ష్యం అందలేదు. 2023లో దేశంలో 28 లక్షల మందికి కొత్తగా టీబీ వచ్చిందని, ప్రపంచ లెక్కలో అది 26 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

చిన్న విషయాలే మందలో వైద్యాన్ని చెడగొడతాయి. రిఫాంపిసిన్ అనే టీబీ మందు వేసుకున్నాక మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే, అడగడానికి ఎవరూ లేని చోట, రక్తమేమోనని హడలిపోయి మందు మానేస్తాడు. మందు బిళ్లలకు సారా తోడైతే కాలేయం దెబ్బతింటుంది. ఈ రెండూ చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు, నట్టల మందు తాగించే గోపాలమిత్ర చాలు.

కాలం లెక్క కూడా కలిసొస్తుంది. ఈ జిల్లాల్లో కోతలు, నూర్పిళ్లు అయ్యి సంక్రాంతికి మందలు పల్లంలో ఉంటాయి. మళ్లీ నాట్లు పడేది ఆషాఢ, శ్రావణాల్లో. మధ్యలో ఆరు నెలలు, అంటే మామూలు టీబీ కోర్సు ఎంతో అంత. పండక్కి ఇంటికొచ్చిన కాపరికి తెమడ పరీక్ష చేసి అప్పుడే మందు మొదలుపెడితే, మంద కొండవారకు ఎక్కే నాటికి చివరి మాత్ర వేసుకుంటాడు. అతనితో ఒకే టార్పాలిన్ కింద పడుకున్నవాళ్లకు జబ్బు లేదని తేలితే, ముందుజాగ్రత్తగా వారానికొకసారి చొప్పున పన్నెండు డోసులతో సరిపోయే మందు ఉంది. అది ఉగాదికి కాస్త అటూఇటూగా అయిపోతుంది.