సెకనును సరిచూసేవాళ్లు

ఎండాకాలంలో గోడ గడియారం కాస్త వెనకబడుతుంది. బ్యాటరీ పాతదైందని మార్చేస్తాం కానీ చాలాసార్లు కారణం ఎండే. గడియారం విప్పితే రెండు మూడు మిల్లీమీటర్ల లావున్న వెండిరంగు గొట్టం కనిపిస్తుంది. అందులోని క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది, అదే మన సెకను. ఈ క్రిస్టల్‌ను 25 డిగ్రీల దగ్గర బాగా నడిచేలా కోస్తారు. అంతకంటే వేడెక్కినా, చల్లబడినా అది నెమ్మదిస్తుంది. 40 డిగ్రీల గదిలో రోజుకు సుమారు 0.65 సెకను, అంటే నెలకు 20 సెకన్లు తగ్గిపోతుంది.

ఆ 20 సెకన్లు ఎవరికీ పట్టవు. కానీ ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్నవాళ్లలో కొందరికి పడతాయి. క్రిస్టల్ ఎంత తప్పుతోందో చూడాలంటే సెకనుకు ఎన్ని కంపనాలో లెక్కపెట్టే ఫ్రీక్వెన్సీ కౌంటర్ కావాలి. తీరా చూస్తే ఆ కౌంటర్ లెక్కపెట్టేది కూడా తన లోపలి క్రిస్టల్‌ను నమ్ముకునే. తూకంరాయి తప్పైతే తక్కెడ ఎంత మంచిదైనా లాభం లేదు. కౌంటర్ తెరమీద పది అంకెలు కనిపించగానే పదీ నిజమనుకుంటారు కొత్తవాళ్లు. అన్ని అంకెలు చూపించగలగడం వేరు, అవన్నీ సరైనవి కావడం వేరు. ఈ పనిలో ముందుగా వంటబట్టాల్సిన విషయం ఇదేనని నా అభిప్రాయం.

మరి సరైన రాయి ఎక్కడ దొరుకుతుంది? ఆకాశంలో. జీపీఎస్ ఉపగ్రహాల్లో అణు గడియారాలుంటాయి, అవి రుబీడియం, సీసియం లాంటి మూలకాల అణువుల లయతో కాలాన్ని కొలుస్తాయి. కొన్ని వందల రూపాయల జీపీఎస్ మాడ్యూల్ కూడా వాటిని విని సెకనుకో పల్స్ ఇస్తుంది. ఏ ఒక్క పల్స్‌నూ పూర్తిగా నమ్మలేం, పదుల నానోసెకన్లు అటూ ఇటూ పడుతుంది (సెకనులో వంద కోట్లవ వంతు ఒక నానోసెకను). కానీ ఆ తప్పు పేరుకుపోదు. ఏడాది గడిచినా పల్స్ తన చోటికి దగ్గర్లోనే ఉంటుంది. చిన్న ఓవెన్‌లో, ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచిన మంచి క్వార్ట్జ్ ఆసిలేటర్‌ది (క్రిస్టల్ కంపనాలతో తరంగాన్ని పుట్టించే సర్క్యూట్) దీనికి తిరగబడ్డ గుణం. ఈ సెకనుకూ వచ్చే సెకనుకూ మధ్య దానికి తిరుగులేదు, నెలలు గడిచేకొద్దీ మాత్రం పక్కకు జరిగిపోతూ ఉంటుంది.

ఈ రెండింటినీ జతచేయడమే అసలు పని. తరంగాన్ని తెరమీద గీసి చూపే ఆసిలోస్కోప్‌ను జీపీఎస్ పల్స్‌తో ట్రిగ్గర్ చేసి, అంటే పల్స్ వచ్చిన ప్రతిసారీ గీత మొదలయ్యేలా పెట్టి, ఆసిలేటర్ 10 మెగాహెర్ట్జ్ (సెకనుకు కోటి కంపనాల) తరంగాన్ని చూడండి. ఆసిలేటర్ పది కోట్లలో ఒక వంతు తప్పినా తరంగం నిలవదు, పది సెకన్లకో పూర్తి చుట్టు చొప్పున పక్కకు జారుతూ పోతుంది. మైక్రోకంట్రోలర్ ఆ జారుడును కొలిచి, ఆసిలేటర్‌కిచ్చే వోల్టేజీని రవ్వంత మారుస్తుంది. జారుడు నెమ్మదిస్తుంది, కాసేపటికి తరంగం ఉన్నచోటే సన్నగా వణుకుతూ నిలబడుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు ముచ్చటేస్తుంది.

సరిదిద్దడంలో తొందర పనికిరాదు. ప్రతి పల్స్‌కూ స్పందిస్తే జీపీఎస్ వణుకంతా ఆసిలేటర్‌లోకి వచ్చేస్తుంది. మరీ ఆలస్యం చేస్తే ఈలోగా క్వార్ట్జ్ దారి తప్పుతుంది. ఎన్ని వందల సెకన్ల సగటు తీసుకోవాలో తేల్చడానికి అమెరికా భౌతికశాస్త్రవేత్త డేవిడ్ అలన్ 1966లో ఇచ్చిన లెక్క ఇప్పటికీ ఆధారం. కేబుల్‌నూ మరవకూడదు. డాబా మీది యాంటెన్నా నుంచి సంకేతం మామూలు కోయాక్సియల్ కేబుల్‌లో మీటరుకు సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. 20 మీటర్ల కేబుల్ అంటే 100 నానోసెకన్లు, ఆ లెక్కను మాడ్యూల్‌కు చెప్పాల్సిందే.

ఇక ఆ పల్స్‌కు మూలమైన అణు గడియారాన్ని ఉపగ్రహంలో నడపడం తేలిక కాదు. జీపీఎస్ లాంటిదే అయిన మన నావిక్ వ్యవస్థలో తొలి ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏలోని మూడు రుబీడియం గడియారాలూ చెడిపోయాయి, అవి దిగుమతి చేసుకున్నవి. మన దేశంలోనే తయారైన రుబీడియం గడియారం 2023 మే 29న శ్రీహరికోట నుంచి నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01తో పైకి వెళ్లింది.

ఈ సరదా ఎంతదాకా పోగలదో అమెరికాకు చెందిన టామ్ వాన్ బాక్ 2005లో చూపించారు. గురుత్వం తగ్గేకొద్దీ కాలం వేగంగా నడుస్తుందని ఐన్‌స్టీన్ సిద్ధాంతం. ఆయన మూడు సీసియం గడియారాలను కారులో పెట్టుకుని, పిల్లలతో కలిసి అక్కడి మౌంట్ రేనియర్ పర్వతం మీద సుమారు 1,600 మీటర్ల ఎత్తుకు వెళ్లి రెండు రాత్రులున్నారు. దిగివచ్చి ఇంట్లోని గడియారాలతో పోలిస్తే అవి 20 నానోసెకన్లకు పైగా ముందున్నాయి. సిద్ధాంతం చెప్పిన లెక్క 22.

అదే లెక్క విశాఖ తీరం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకుకు వేస్తే రోజుకు దాదాపు 8.5 నానోసెకన్లు వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి పాత సెల్ టవర్ల నుంచి ఊడదీసి అమ్మే రుబీడియం మాడ్యూల్ చాలదు, రోజు తిరిగేసరికి దాని సొంత తేడానే ఇంతకు ఎన్నో రెట్లుంటుంది. సీసియం గడియారమే కావాలి. ఒకటైతే సరిపోదు కూడా. అరకుకు ఒకటి వెళ్తే, పోల్చడానికి విశాఖలో ఇంకొకటి ఆగకుండా నడుస్తూ ఉండాలి.